హోమంలో టీ బిళ్ళ

బాబాయిగారు పోయారన్న వార్త అమెరికాలో మేముండే బాతెల్ ఊరి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఎవరింటి గృహప్రవేశంలోనో తీసిన ఫొటో పెట్టారు, శాలువా కప్పుకుని, నుదుట బొట్టుతో. దాని కింద వరసగా దండం పెడుతున్న చేతుల బొమ్మలు. 'వేదమూర్తి' అన్నారొకరు, 'నడిచే పంచాంగం' అన్నారింకొకరు. నేనూ ఒక దండం పెట్టి ఫోన్ పక్కన పడేశాను. ఫోన్ అయితే పడేశాను గానీ మనసు ఊరుకోదుగా! నాకు బాబాయిగారంటే శాలువా గుర్తురాదు. మా ఎదురింటి చైనా పెద్దాయన అద్దాల సన్‌రూమ్‌లో, ఒళ్ళో న్యూస్‌పేపర్ పరుచుకుని, నాలుక కొస పళ్ళ మధ్య బిగబట్టి, నల్లటి టీ బిళ్ళ అంచులోకి దబ్బనం గుచ్చుతున్న మనిషి గుర్తొస్తారు. ఆ వెంటనే అదే గదిలో ఆయన చేసిన ఇంకో పని గుర్తొస్తుంది. ఇక అప్పుడు సిగ్గుతో ఎక్కడికి పోవాలో తెలీదు.

నిజానికి ఆయన నాకు బాబాయీ కాదు, చుట్టమూ కాదు. మా ఆయన టీమ్‌లో పనిచేసే అబ్బాయికి తండ్రి. కాకినాడ దగ్గర ఏదో జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. భార్య పోయాక కొడుకు దగ్గరికి వచ్చి, ఊసుపోక మా అందరిళ్ళలో పూజలు చేయించడం మొదలుపెట్టారు. పంచె మీద కొడుకు పాత ఫ్లీస్ జాకెట్, కాళ్ళకి స్నీకర్స్, చేతిలో సొంత స్టీల్ చెంబు. ఆ చెంబులో నీళ్ళు తప్ప పరాయి ఇంట్లో ఏమీ ముట్టేవారు కాదు. మరీ బలవంతం చేస్తే ఒక అరటిపండు, అదీ తన చేత్తో ఒలుచుకుని.

ఆయన ఊతపదం "అలా కాదమ్మా". నేను పసుపు కలిపితే అలా కాదు. మామిడాకులు కడితే అలా కాదు. మా ఆయన కారు రివర్స్ చేస్తుంటే వానలో నిలబడి మరీ, "అలా కాదోయ్, ఇలా తిప్పు" అనేవారు, తనకి డ్రైవింగ్ రాకపోయినా. మా ఆయనది వరంగల్. ఊరికే ఉండే రకం కాదు. "బాబాయ్‌గారూ, నిజం చెప్పుండ్రి. మీరు ఎప్పుడన్న తప్పు చేసిండ్రా?" అని ఒకసారి అడగనే అడిగాడు. బాబాయిగారు గడ్డం గోక్కుంటూ కాసేపు నిజంగానే ఆలోచించారు. "గుర్తులేదోయ్" అన్నారు. పాపం, వేళాకోళానికి కాదు, మనస్ఫూర్తిగానే అన్నారు.

మా గృహప్రవేశం కూడా ఆయన చేతుల మీదే జరిగింది. ఇంట్లో పొగపెడితే స్మోక్ అలారం కూస్తుందని హోమం గరాజ్‌లో పెట్టుకున్నాం. తలుపు మొత్తం పైకెత్తి, బయట తుంపర పడుతుంటే, లోపల ఫోల్డింగ్ కుర్చీల్లో జనం. కొత్తగా ఎదురింటివాళ్ళం అవుతున్నాం కదా అని ఎదురింటి పెద్దాయననీ ఆయన కూతుర్నీ పిలిచాం. పెద్దాయనకి ఇంగ్లీష్ రాదు. కూతురే ఆయనకి నోరు. వాళ్ళు వస్తూ వస్తూ, ఎర్రటి చైనా అక్షరాలు అచ్చువేసిన పల్చటి తెల్లకాగితంలో చుట్టిన గుండ్రటి వస్తువొకటి తెచ్చారు. నేను వంటింట్లో పరమాన్నం దగ్గరున్నాను. అందుకున్నది మా ఆయన. అందుకున్నవాడు ఊరుకోవచ్చా? ఏమిటో చూద్దామని కాగితం విప్పి, చాక్లెట్ అనుకుని, గరాజ్‌లో సామాన్లు పెట్టుకునే బల్ల మీద పెట్టేశాడు. ఆ బల్ల మీదే ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చిన పిడకలున్నాయి. అవీ గుండ్రమే. అవీ ఆ రంగే.

హోమం మధ్యలో మంట తగ్గింది. బాబాయిగారు కూర్చున్నచోటి నుంచే చెయ్యి చాచి బల్ల మీది బిళ్ళ అందుకున్నారు. చేతిలోకి తీసుకోగానే ఆయన మొహం వెలిగిపోయింది. పైకెత్తి అందరికీ చూపించారు. "చూశారా, పిడకంటే ఇదీ! గడ్డిపోచలు ఎలా కనబడుతున్నాయో చూడండి. వెనక గుంట చూశారా? అచ్చంగా చేత్తో కొట్టిందే, వేలి గుర్తు పడింది. ఆ ప్యాకెట్‌లోవన్నీ మిషన్ సరుకు. ఇది మాత్రం దేశవాళీ ఆవుది" అన్నారు. విరవబోతే విరగలేదు. "అబ్బో, ఎంత గట్టిగా ఉందో!" అని ముచ్చటపడి, బిళ్ళ మొత్తంగా గుండంలో పెట్టి, పైన నెయ్యి పోసి స్వాహా అన్నారు. ఏదో పాత చెక్కబీరువా తెరిచినట్టు కమ్మటి వాసన లేచింది. "వాసన చూడండి, వాసన!" అన్నారు. జనమంతా కళ్ళు మూసుకుని గుండెల నిండా పీల్చుకున్నారు. నేనూ పీల్చాను.

అప్పుడు ముందువరసలో ఉన్న ఎదురింటి పెద్దాయన లేచి నిలబడ్డారు. నిప్పుకేసి నడుం వంచి దండం పెట్టారు. తర్వాత బాబాయిగారివైపు తిరిగి ఇంకోసారి వంగారు. ఆయన కూతురి కళ్ళలో నీళ్ళు. నాతో ఇంగ్లీషులో అంది, "ఆ టీ మా నాన్న ఎన్నో ఏళ్ళుగా దాచుకున్నది. మీరు దాన్ని ముందుగా మీ దేవుడికి పెట్టారు. మా నాన్నకి ఇంత గౌరవం ఎవరూ ఇవ్వలేదు."

"ఏమంటోందమ్మా?" అన్నారు బాబాయిగారు.

చెప్పాను. నెయ్యి గరిట గాలిలో ఆగిపోయింది. తర్వాత చదవాల్సిన మంత్రంలో ఒక ముక్క ఎగిరిపోయింది కూడా. నాకు తప్ప ఎవరికీ తెలియలేదు.

జనం భోజనాలకి లేచాక వంటింట్లో ముగ్గురం చేరాం. మా ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. "చాక్లెట్ అనుకున్న బాబాయ్‌గారూ, నాకేం తెల్సు!" అన్నాడు. "చాక్లెట్ తీసుకెళ్ళి పిడకల పక్కన పెడతారటోయ్ ఎవరైనా?" అని బాబాయిగారు. పోనీ నిజం చెప్పేద్దామా అనుకున్నాం. ఏమని చెప్తాం? మీరు ప్రాణంలా దాచుకున్న టీని చూసి మేం పేడ అనుకున్నామండీ అనా? పరువు తక్కువ మనకి, పుండు మీద కారం ఆయనకి. "అగ్నికి అర్పించినది ఏదైనా అర్పించినట్టే. శాస్త్రప్రకారం దోషం లేదు" అని బాబాయిగారు తీర్పు చెప్పారు. చెప్పారే గాని, ఆ రోజు అరటిపండు కూడా ముట్టకుండా వెళ్ళిపోయారు.

అక్కడితో అయిపోతే బాగుండేది. వారం తిరక్కుండానే ఎదురింటి అమ్మాయి ఇంకో బిళ్ళ పట్టుకొచ్చింది. మొదటిది దేవుడికి పోయింది కాబట్టి ఇది మాకట. దీన్ని ఎలా విడదీయాలో, ఎలా కాచాలో వాళ్ళ నాన్న నేర్పిస్తారట. పూజారిగారు కూడా తప్పకుండా రావాలట. బాబాయిగారు ససేమిరా అంటారనే అనుకున్నాను. "పిలిచాక వెళ్ళకపోతే ఎలా అమ్మా? ఇప్పటికే ఒకటి చేశాం" అని, చెంబు పట్టుకుని బయల్దేరారు.

పెద్దాయన పద్ధతి చూడాలి. కాగితం నలగకుండా విప్పి, బిళ్ళని బోర్లించి, అంచు దగ్గర ఆకులు కాస్త వదులుగా ఉన్నచోటు వేలితో తడిమి వెతుకుతారు. అక్కడ పక్కనుంచి దబ్బనంలాంటి సూది దూరుస్తారు. లోపలికి పోయాక మెల్లిగా అటూ ఇటూ కదిపి పైకెత్తితే ఆకులు పొరగా లేచి వస్తాయి. పై నుంచి పొడిస్తే ఆకు ముక్కలై టీ చేదెక్కుతుందట. ఆకుని పులియబెట్టి, ఆవిరి పట్టి, అచ్చులో నొక్కి, ఏళ్ళకేళ్ళు మాగబెడతారట దాన్ని. "ఆవకాయకి అన్నగారన్నమాట" అన్నారు బాబాయిగారు. ఊడిన పొరల్ని మట్టికూజాలో వేసి కొన్నాళ్ళు గాలి తగలనివ్వాలి. కాచేటప్పుడు చిన్న మట్టికుండలో ఆకు వేసి, మరిగే నీళ్ళు పోసి, వెంటనే ఆ నీళ్ళు పారబోస్తారు. రెండోసారి పోసినవే తాగడానికి.

ఆ నీళ్ళు పారబోయడం చూసి బాబాయిగారి కళ్ళు పెద్దవయ్యాయి. "ఆకుకి స్నానం చేయించాకే లోపలికి తీసుకుంటారన్నమాట! వీళ్ళకీ మడి ఉందే అమ్మాయ్!" అన్నారు. పెద్దాయన రెండు చేతులతో కప్పు అందించారు. నేను గుడ్లప్పగించి చూస్తున్నాను. మా ఇంట్లో మంచినీళ్ళు ముట్టని మనిషి, ఆ కప్పు అందుకుని, కళ్ళకద్దుకుని, తాగేశారు. నాకేసి కోపంగా చూశారు కూడా, ఏం చూస్తావన్నట్టు.

ఇక ప్రతి ఆదివారం మధ్యాహ్నం అదే తంతు. కొన్నాళ్ళకి పెద్దాయన సూది బాబాయిగారి చేతికిచ్చేశారు. బాబాయిగారు పైనుంచి పొడవబోతే పెద్దాయన తల అడ్డంగా ఊపి చేయి పట్టుకుని పక్కకి తిప్పేవారు. అందరికీ 'అలా కాదు' చెప్పే మనిషికి ఎవరో 'అలా కాదు' చెప్పడం అదే మొదటిసారి చూశాను. చిన్నపిల్లాడిలా వినేవారు. భాష లేదు కదా, ఇద్దరూ ఊ అంటే ఊ. మధ్యలో కూతురూ నేనూ ఫోన్లు చూసుకుంటూ కూర్చునేవాళ్ళం.

చిక్కేమిటంటే, పెద్దాయన ప్రతిసారీ తొలి కప్పు బాబాయిగారికే ఇచ్చి వంగి దండం పెట్టేవారు. తమ వాళ్ళెవరైనా వచ్చి ఉంటే, వాళ్ళకి బాబాయిగారిని చూపిస్తూ పెద్ద కథ చెప్పేవారు. కూతురు నాకు చెప్పేది, "మన టీని దేవుడికిచ్చిన పూజారి ఈయనే అంటున్నారు." చైనాలో ఉన్న తమ్ముడికి వీడియో కాల్ చేసి ఫోన్ బాబాయిగారి మొహం ముందు పెట్టారొకసారి. అవతల ఎవరో ముసలాయన చేతులు జోడించారు. బాబాయిగారు నవ్వలేక నవ్వారు. బయటికొచ్చాక మా గేటు దగ్గర ఆగి అన్నారు, "గొంతు దిగట్లేదమ్మా. తెలియక వేసింది తప్పు కాదని సరిపెట్టుకున్నాను. తెలిసీ ఆ దండాలు పుచ్చుకుంటున్నాను చూడు, అది తప్పు. సిగ్గేస్తోంది."

"పోనీలెండి బాబాయిగారూ, ఆయన సంతోషంగానే ఉన్నారుగా" అన్నాను.

"ఆయన సంతోషం కాదమ్మా, నా మొహం నేను అద్దంలో చూసుకోవద్దూ?" అన్నారు.

ఆ తర్వాతి ఆదివారం చెంబుతో పాటు ప్లాస్టిక్ కవరొకటి తెచ్చారు. అందులో పిడక. "వద్దు బాబాయిగారూ, మీకు పుణ్యముంటుంది" అన్నా వినలేదు. టీ కాచడం మొదలవకముందే పెద్దాయన ఎదురుగా కూర్చుని, "చెప్పమ్మా. ఆ రోజు మీ టీని చూసి ఇది అనుకున్నాను, బుద్ధి గడ్డి తిని, అని చెప్పు. ఏదీ దాచకు" అన్నారు.

దాచలేదు. ఇంగ్లీషులో పేడ అన్న మాట నోటితో అని, అది మాకు పవిత్రమని రెండుసార్లు అని, మొత్తం చెప్పాను. చెవులు కాలిపోతున్నాయి నాకు. కూతురు నాకేసి కాసేపు చూసింది. తర్వాత తండ్రితో చిన్న ముక్కేదో అంది. పెద్దాయన నవ్వుతూ తలూపారు.

"అలా కాదమ్మా" అన్నారు బాబాయిగారు. "అంత పొడుగు మాట ఇంత చిన్నదెలా అయింది? ఆ పిల్ల చెప్పలేదు."

నిజమే. కూతురు తలదించుకుని ఇంగ్లీషులో అంది, "ప్లీజ్, నేను మా నాన్నకి ఆ మాట చెప్పలేను."

అప్పుడు లేచారండీ బాబాయిగారు. పంచె ఎగ్గట్టి, రెండు వేళ్ళు నెత్తిమీద కొమ్ముల్లా పెట్టుకుని, ఆ సన్‌రూమ్ నడిమధ్యన వంగి "అంబా" అన్నారు. వెనక్కి చెయ్యి చూపించి, కింద పడ్డట్టు చూపించి, దాన్ని పిసికి గోడకి కొడుతున్నట్టు చూపించారు. కవర్లోంచి పిడక తీసి టీ బిళ్ళ పక్కన పెట్టారు. దీన్ని చూపి, దాన్ని చూపి, మంట చూపి, తన నెత్తి తను కొట్టుకున్నారు. ఒక్క తప్పూ చేయని లెక్కల మాస్టారు, నడిచే పంచాంగం, ఆవులా అరుస్తుంటే నాకు నవ్వాగలేదు. ఎంత ఆపుకున్నా ఆగలేదు. చేత్తో నోరు మూసుకుని నవ్వాను. పెద్దాయన నాకేసి చూడనే చూశారు. ఆయన మొహంలో నవ్వు లేదు.

ఆపైన బాబాయిగారు చేతులు అడ్డంగా వేసి లెంపలేసుకున్నారు. ఏదో మొక్కుబడికి కాదు. ఫట్‌ఫట్‌మని, చెంపలు కమిలేలా. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. పెద్దాయన ఒక్క ఉదుటున లేచారు. రెండు చేతులూ అడ్డంగా ఊపుతూ ఏదో అన్నారు, తర్వాత రెండు బిళ్ళలకేసీ ఒకసారి చూసి, గిరుక్కున తిరిగి లోపలికి వెళ్ళిపోయారు. తిరిగి రాలేదు. కూతురు వెనకాల వెళ్ళి వచ్చి, "సారీ, ఇవాళ్టికి మీరు వెళ్తే మంచిదేమో" అంది.

రోడ్డు దాటుతుంటే బాబాయిగారు అడిగారు, "నవ్వావా అమ్మా?"

"లేదు బాబాయిగారూ" అన్నాను.

"నవ్వొస్తే నవ్వాలిలే" అన్నారు.

తర్వాతి ఆదివారం మళ్ళీ వచ్చారు, తన చేత్తో విడదీసిన ఆకులు స్టీల్ డబ్బాలో పెట్టుకుని. మా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. బెల్ కొట్టి నిలబడ్డారు. ఎవరూ తీయలేదు. కార్లు రెండూ ఇంటిముందే ఉన్నాయి. ఆ పై ఆదివారమూ అంతే. తుంపరలో ఫ్లీస్ జాకెట్ తడిసేదాకా నిలబడి, తలుపుముందు పక్కకి జరిగిన, కాళ్ళు తుడుచుకునే పట్టా సరిచేసి వెళ్ళిపోయారు. "నిజం చెప్తే ఇంత కోపమొస్తుందని తెలుసు. అయినా చెప్పకుండా ఉండలేకపోయాను" అన్నారు ఫోన్లో. కొన్నాళ్ళకి కాకినాడలో ఉన్న తన కూతురికి ఒంట్లో బాగుండలేదని వెళ్ళి అక్కడే ఉండిపోయారు. ఎప్పుడు మాట్లాడినా చివర్లో అదే ప్రశ్న. "ఎదురింటాయన కనిపించారా? ఏమైనా అన్నారా?"

ఏమంటారు? నేను అడిగితేగా! చెత్త డబ్బాలు బయట పెట్టేటప్పుడు ఆ అమ్మాయీ నేనూ ఎదురుపడేవాళ్ళం. హాయ్ అంటే హాయ్, వాన గురించి ఒక మాట, ఇంట్లోకి పరుగు. ఏ మొహం పెట్టుకుని అడగను అనుకునేదాన్ని. ఆ అమ్మాయీ నన్ను తప్పించుకుంటున్నట్టే అనిపించేది.

పోయారన్న వార్త చూశాక మాత్రం కూర్చోలేకపోయాను. రోడ్డు దాటి బెల్ కొట్టాను. కూతురు తలుపు తీసింది. మా పూజారిగారు ఇండియాలో పోయారని చెప్పాను. ఆమె నోటిమీద చెయ్యి పెట్టుకుని లోపలికి కేకేసింది. పెద్దాయన వచ్చారు, బాగా వంగిపోయి, గోడ పట్టుకుని. విన్నారు. కూతుర్ని ఏదో అడిగారు. కూతురు నాకు చెప్పలేక చెప్పింది.

"ఆ టీ వల్లేనా అని అడుగుతున్నారు."

నాకు అర్థం కాలేదు.

"ఆ రోజు ఆయన తనని తాను కొట్టుకున్నారు కదా. పిడక వేయాల్సినచోట మా టీ పడి మీ దేవుడి నిప్పు మైలపడిందనీ, దానికే ఆయన శిక్ష వేసుకుంటున్నారనీ మా నాన్న అనుకున్నారు. మీరు నవ్వారు కూడా. ఆ పేడ మాట చెప్పలేక నేనూ ఊరుకున్నాను. మేం ఊళ్ళో అందరికీ గొప్పగా చెప్పుకున్నాం. సిగ్గుతో మా నాన్న మళ్ళీ మీకెవరికీ కనబడలేదు. ఆ పాపం మీ పూజారిగారికి తగిలిందా అని అడుగుతున్నారు."

కాదండీ, కాదు, మావాళ్ళు తప్పు చేశామని ఒప్పుకునేటప్పుడు అలాగే చెంపలు వాయించుకుంటారు, ఆయన మీకు సారీ చెప్పారు, ఆయన జీవితంలో అదొక్కటే సారీ, నేను నవ్వింది ఆవు అరుపుకి, అని ఇంగ్లీష్ తడబడుతూ అంతా చెప్పాను. మీకు కోపమొచ్చిందనుకుని ఆయన, ఆయనకి మైల అంటించాననుకుని మీరు, ఇద్దరూ దూరమైపోయారు అని కూడా చెప్పాను. ఈసారి కూతురు ఒక్క ముక్క మింగకుండా, చాలాసేపు తండ్రికి చెప్పింది.

పెద్దాయన విన్నంతసేపూ తలెత్తలేదు. చివరికి నేలకేసి చూస్తూనే నెమ్మదిగా రెండు మాటలన్నారు. కూతురు నాకేసి తిరిగింది.

"బెల్ కొట్టినప్పుడల్లా నాన్న ఈ తలుపు వెనకాలే నిలబడి ఉన్నారట. ఇప్పుడు ఎవరికి సారీ చెప్పాలి అని అడుగుతున్నారు."